మెదడులో చీముగడ్డ

మన శరీరంలో మరే అవయవానికీ లేనంత రక్షణ మెదడుకు ఉన్నది. పైన గట్టి కపాలం, దాని లోపల మూడు పొరలు, ఆ పొరల మధ్య మెదడును తేలియాడేటట్లు చేసే ద్రవం. ఇన్ని ప్రాకారాల నడుమ ఈ సుకుమారమైన అవయవం భద్రంగా ఉంటుంది. అంతేకాదు, మెదడులోని సన్నని రక్తనాళాల గోడలు శరీరంలో ఇతరచోట్ల ఉండే గోడల వంటివి కావు. రక్తంలో తిరిగే అనేక పదార్థాలను అవి మెదడులోనికి పోనీయవు. అందువల్లనే సూక్ష్మజీవులు నిత్యం ఏదో ఒక గాయం గుండానో, పుచ్చిపోయిన పంటి గుండానో రక్తంలో ప్రవేశిస్తున్నా, అవి మెదడును చేరడం అరుదు.

అరుదే కాని అసంభవం కాదు. ఏదో ఒక మార్గాన సూక్ష్మజీవులు మెదడులో చొరబడి, అక్కడ స్థిరపడి చీము పట్టిస్తే దానిని మెదడు చీముగడ్డ అంటారు. ఒకప్పుడు ఈ వ్యాధి వచ్చినవారు బ్రతికి బయటపడడం వింత. నేడు సకాలంలో గుర్తిస్తే పదిమందిలో తొమ్మండుగురు బ్రతుకుతున్నారు. ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు. ఒక్క మందు వల్ల రాలేదు. శరీరశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, భౌతికశాస్త్రం ఈ మూడూ తలా ఒక చేయి వేసిన తర్వాతనే అది సాధ్యమైనది.

చీము ఎట్లా ఏర్పడుతుంది?

కాలిమీద సెగగడ్డ లేవడం అందరూ ఎరిగినదే. మొదట ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి సలుపుతుంది. నాలుగైదు రోజులకు మధ్యభాగం మెత్తబడి చీము పడుతుంది. ఈ చీము సూక్ష్మజీవులకూ శరీరానికీ జరిగిన యుద్ధంలో మిగిలిన శిథిలం. సూక్ష్మజీవులు చేరినచోటికి రక్తంనుండి తెల్లకణాలు గుంపులు గుంపులుగా వచ్చి వాటిని మ్రింగుతవి. ఆ ప్రయత్నంలో తామూ నశిస్తవి. చచ్చిన తెల్లకణాలు, చచ్చినవీ బ్రతికినవీ అయిన సూక్ష్మజీవులు, కరిగిపోయిన కణజాలం కలిసిన చిక్కని ద్రవమే చీము.

మెదడులోనూ ఇదే వరస. మొదటి మూడు రోజులలో సూక్ష్మజీవులు చేరిన భాగం వాస్తుంది. అక్కడ ఇంకా చీము ఉండదు. నాలుగవ రోజునుండి తొమ్మిదవ రోజు వరకు నడిమి భాగం కరిగి చీముగా మారుతుంది. పదవ రోజు ప్రాంతంలో దాని చుట్టూ ఒక గోడ లేవడం మొదలవుతుంది. రెండు వారాలు గడిచేసరికి కొల్లాజెన్ అనే నారవంటి మాంసకృత్తుతో ఆ గోడ గట్టిపడి, చీమంతా ఒక తిత్తిలో బంధింపబడుతుంది. ఈ రోజుల లెక్క అందరిలోనూ ఒకేవిధంగా ఉండకపోవచ్చును గాని, క్రమం మాత్రం ఇదే.

ఈ గోడను శరీరం ఆత్మరక్షణకై కట్టుకొన్నది. అది లేకపోతే సూక్ష్మజీవులు మెదడంతటా వ్యాపిస్తవి. అయితే ఆ గోడయే చికిత్సకు అడ్డు కూడ. తిత్తి లోపల రక్తనాళాలు లేవు. కాబట్టి రక్తంలో వచ్చే మందు చీము మధ్యకు చాలినంతగా చేరదు. చీములో ఆమ్లగుణం ఎక్కువ, ప్రాణవాయువు తక్కువ. అటువంటి పరిస్థితిలో కొన్ని మందుల శక్తి తగ్గిపోతుంది. ఈ గోడకు మరొక లోపమున్నది. మెదడు ఉపరితలం వైపు రక్తప్రసారం ఎక్కువ గనుక అటు గోడ మందంగాను, లోపలి వైపు రక్తప్రసారం తక్కువ గనుక ఇటు పలుచగాను ఏర్పడుతుంది. మెదడు మధ్యలో ద్రవంతో నిండిన కుహరాలు ఉన్నవి. గడ్డ చితికితే సాధారణంగా ఈ పలుచని వైపే చితికి, చీము ఆ కుహరాలలో పడుతుంది. ఈ వ్యాధిలో అన్నిటికంటె ప్రమాదకరమైన ఘట్టం అదే.

మూసిన పెట్టెలో గడ్డ

కాలిమీది గడ్డకు బయటికి ఉబ్బడానికి చోటున్నది. మెదడులోని గడ్డకు ఆ వీలు లేదు. పెద్దవారి కపాలం నలువైపులా మూసిన ఎముకల పెట్టె. అందులో మెదడు, రక్తం, ద్రవం ఈ మూడే ఉంటవి. నాలుగవది ఒకటి వచ్చి చేరితే, ఈ మూడింటిలో ఏదో ఒకటి చోటివ్వాలి. మొదట ద్రవం కొంత వెన్నువైపునకు జారుతుంది. సిరలలోని రక్తం కొంత బయటికి పోతుంది. ఈ సర్దుబాటు ఉన్నంతకాలం రోగికి తలనొప్పి తప్ప వేరే బాధ తెలియకపోవచ్చును. సర్దుకొనే చోటు అయిపోయిన తర్వాత గడ్డ ఏ కొంచెం పెరిగినా కపాలంలోని ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. గడ్డ చుట్టూ చేరే నీరువాపు దీనికి తోడవుతుంది. చివరకు మెదడు కిందికి నెట్టబడి, ఊపిరినీ గుండెనూ నడిపే మెదడు కాండం నలుగుతుంది. నిన్నటివరకు లేచి తిరిగిన రోగి ఈ రోజు స్పృహ తప్పడానికి కారణం ఇదే.

సూక్ష్మజీవులు వచ్చే దారులు

ఇన్ని ప్రాకారాలను దాటి సూక్ష్మజీవులు లోపలికి ఎట్లా పోగలవు? ముఖ్యమైన దారులు మూడు.

మొదటిది పొరుగునుండి వచ్చే దారి. మధ్య చెవి పైకప్పు చాలా పలుచని ఎముక రేకు. దానికి ఆవలివైపున ఉన్నది మెదడులో కణత ఖండం. చెవి వెనుక చేతికి తగిలే ఉబ్బెత్తు ఎముకలో తేనెతుట్టె వంటి గాలి గదులున్నవి. వాటి వెనుక ఉన్నది చిన్న మెదడు. సంవత్సరాల తరబడి చెవిలో చీము కారుతూ ఉంటే, కొందరిలో చర్మపు పొట్టు వంటి పదార్థం మధ్య చెవిలో ముద్దగా పెరిగి ఎముకను తినివేస్తుంది. అప్పుడు దారి తెరచుకొంటుంది. ఎముక చెడకపోయినా, దాని గుండా పోయే చిన్న సిరల వెంబడి సూక్ష్మజీవులు లోపలికి పోగలవు. అందుకే చెవినుండి వచ్చిన గడ్డలు ఎక్కువగా కణత ఖండంలోనో చిన్న మెదడులోనో కనిపిస్తవి. అట్లాగే నుదుటి ఎముకలోని గాలి గదులలో చీము పడితే మెదడు ముందు ఖండంలో గడ్డ ఏర్పడుతుంది. పుచ్చిన దంతాల మూలంగా కూడ ఇట్లా జరుగవచ్చును.

రెండవది రక్తం ద్వారా వచ్చే దారి. ఊపిరితిత్తులలో చీము పట్టినా, గుండె కవాటాలకు సూక్ష్మజీవులు అంటుకొన్నా, అవి రక్తంలో కొట్టుకొనివచ్చి మెదడును చేరవచ్చును. ఇట్లా వచ్చినప్పుడు ఒకటి కాక అనేక గడ్డలు ఏర్పడడం కద్దు.

పుట్టుకతోనే గుండె నిర్మాణంలో దోషముండి, పెదవులూ గోళ్ళూ నీలంగా ఉండే పిల్లల విషయం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. శరీరమంతా తిరిగివచ్చిన చెడురక్తం ఊపిరితిత్తులకు పోయి శుభ్రపడడం మామూలు. ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళాలు రక్తానికి ప్రాణవాయువును ఇవ్వడమే కాక, అందులోని సూక్ష్మజీవులను కొంతవరకు వడగట్టుతవి. నీలి పిల్లలలో కొంత రక్తం ఊపిరితిత్తులకు పోకుండా గుండెలోని రంధ్రం గుండా నేరుగా శరీరానికి, దానితోపాటు మెదడుకు పోతుంది. వడపోత తప్పిపోతుంది. అందువల్ల అటువంటి పిల్లలకు తలనొప్పి, జ్వరం కలిసి వస్తే వైద్యులు మెదడు గడ్డను తప్పక అనుమానిస్తారు.

మూడవది కపాలం పగిలిన గాయాల వల్లను, అరుదుగా శస్త్రచికిత్స తరువాతను తెరచుకొనే దారి. ఇవి గాక, ఎంత వెదకినా మూలం దొరకని గడ్డలు కూడ ఉన్నవి.

గడ్డకు కారణమైన సూక్ష్మజీవులలో స్ట్రెప్టోకాకస్, స్టాఫిలోకాకస్ జాతులు ముఖ్యమైనవి. ప్రాణవాయువు లేనిచోటనే పెరిగే బాక్టీరియా కూడ చెవి, పంటి మూలపు గడ్డలలో తరచుగా కనిపిస్తవి. ఒకే గడ్డలో రెండు మూడు జాతులు కలిసి ఉండడం సామాన్యం. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో బూజు జాతులు, టాక్సోప్లాస్మా అనే ఏకకణజీవి కూడ ఇటువంటి గడ్డలను కలిగిస్తవి.

లక్షణాలు మోసగిస్తవి

తలనొప్పి, జ్వరం, శరీరంలో ఏదో ఒక భాగం పనిచేయకపోవడం - ఈ మూడింటిని ఈ వ్యాధి గుర్తులుగా పుస్తకాలలో చెబుతారు. అయితే ఈ మూడూ ఒకే రోగిలో కనిపించడం అరుదు. 1970 నుండి 2013 వరకు ప్రచురితమైన పరిశీలనలలోని 9,699 మంది రోగుల వివరాలను క్రోడీకరించి 2014లో ఒక నివేదిక వెలువడినది. దాని ప్రకారం తలనొప్పి నూటికి 69 మందిలోను, జ్వరం 53 మందిలోను కనిపించినవి. మూడు గుర్తులూ కలిసి కనిపించినది నూటికి 20 మందిలో మాత్రమే. అంటే దాదాపు సగంమందికి జ్వరమే లేదు. జ్వరం లేదు గనుక చీము ఉండదని అనుకోవడం పొరపాటు.

ఇతర లక్షణాలు గడ్డ ఉన్న చోటునుబట్టి మారుతవి. ఎడమవైపు ముందు ఖండంలో ఉంటే మాట తడబడవచ్చును, కుడి చేయి బలహీనం కావచ్చును. చిన్న మెదడులో ఉంటే నడక తూలుతుంది, కనుగుడ్లు అదురుతవి. కొందరికి మూర్ఛ మొదటి లక్షణం. ఒత్తిడి పెరిగినకొద్దీ వాంతులు, మగత వస్తవి. ఉన్నట్టుండి తలనొప్పి భరించరానంతగా పెరిగి, మెడ బిగుసుకొంటే గడ్డ కుహరంలోనికి చితికినదేమోనని అనుమానించాలి.

మెదడు పొరల వాపు వ్యాధిలో వెన్నులో సూది పొడిచి ద్రవాన్ని తీసి పరీక్షిస్తారు. మెదడులో గడ్డ ఉన్నదని అనుమానం ఉంటే ఆ పని చేయరాదు. కింద ద్రవం తగ్గితే, పైన ఒత్తిడిలో ఉన్న మెదడు కిందికి జారే ప్రమాదమున్నది. పైగా ఆ ద్రవంలో గడ్డలోని సూక్ష్మజీవులు దొరకడం కూడ అరుదు.

గడ్డ ఎక్కడున్నది?

చీము ఉన్నచోట కోసి దానిని బయటికి తీయాలనే సూత్రం వైద్యులకు ప్రాచీనకాలంనుండి తెలుసు. 1752లో ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు మొరాన్, చెవి వ్యాధినుండి వచ్చిన మెదడు గడ్డలోని చీమును తీసి రోగిని బ్రతికించాడు. కాని అక్కడ గడ్డ తానే దారి చూపినది. బయట ఏ గుర్తూ లేనప్పుడు కపాలంలో ఎక్కడ తెరవాలి? ఈ ప్రశ్నకు పంతొమ్మిదవ శతాబ్దంలో గాని సమాధానం దొరకలేదు.

1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, మాటలాడే శక్తికి మెదడు ముందు ఖండంలో ఒక నిర్దిష్ట స్థానమున్నదని చూపాడు. మెదడులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క చోటున్నట్లయితే, ఏ పని చెడినదో గమనించి గడ్డ ఎక్కడున్నదో చెప్పవచ్చును గదా! స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో విలియం మెకీవెన్ అనే శస్త్రవైద్యుడు ఈ తర్కాన్నే అనుసరించాడు. 1876లో ఒక బాలునికి మాట పడిపోయి, శరీరంలో కుడివైపు మూర్ఛ వచ్చినది. గడ్డ ఎడమ ముందు ఖండంలో, బ్రోకా చెప్పిన చోటనే ఉన్నదని మెకీవెన్ నిశ్చయించి, కపాలం తెరవడానికి అనుమతి కోరాడు. బాలుని తరఫువారు ఒప్పుకోలేదు. బాలుడు మరణించాడు. మరణానంతరం తెరచి చూస్తే గడ్డ సరిగా ఆయన చెప్పిన చోటనే ఉన్నది.

మెకీవెన్ గ్లాస్గోలో లిస్టర్ వద్ద చదువుకొన్నవాడు. శస్త్రచికిత్సలో సూక్ష్మజీవులను నిర్మూలించే పద్ధతిని లిస్టర్ నుండి నేర్చి, దానిని మరింత మెరుగుపరచాడు. 1893లో ప్రకటించిన గ్రంథంలో తాను శస్త్రచికిత్స చేసిన 19 మెదడు గడ్డల రోగులలో 18 మంది కోలుకొన్నారని తెలిపాడు. ఎక్స్-కిరణాలను కనిపెట్టడానికి రెండేళ్ళ ముందు, పెనిసిలిన్ రావడానికి అర్ధశతాబ్దం ముందు సాధించిన ఫలితమది. మిగిలిన శస్త్రవైద్యులు చాలాకాలం వరకు దీనిని అందుకోలేకపోయారు.

తరువాత పద్ధతులు మారినవి. కపాలానికి చిన్న రంధ్రం చేసి, సూదితో చీమును పీల్చివేస్తే చాలునని అమెరికాలో వాల్టర్ డాండీ 1926లో సూచించాడు. తిత్తిని గోడతో సహా పెకలించడం మేలని ఫ్రాన్సులో క్లోవిస్ వాన్సాన్ 1936లో చూపాడు. ఈ రెండు పద్ధతులూ నేటికీ వాడుకలో ఉన్నవి.

మందు వచ్చినది, చూపు లేదు

1928లో ఫ్లెమింగ్ గమనించిన పెనిసిలిన్‌ను ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్ మొదలైనవారు 1940-41లో మందుగా నిరూపించారు. ఇక మెదడు గడ్డల బాధ తీరినదని చాలామంది ఆశించారు. మరణాలు కొంత తగ్గిన మాట నిజమే గాని, తరువాత మూడు దశాబ్దాలపాటు ఈ వ్యాధి వచ్చినవారిలో చాలామంది మరణిస్తూనే ఉన్నారు.

ఇందుకు ఒక కారణం పైన చెప్పిన గోడ. రెండవది పెనిసిలిన్ పనిచేసే తీరు. సూక్ష్మజీవి పెరుగుతూ తన కణకవచాన్ని కట్టుకొనేటప్పుడు పెనిసిలిన్ ఆ పనిని చెడగొట్టి చంపుతుంది. పాతబడిన చీములో ఆహారం, ప్రాణవాయువు లేక సూక్ష్మజీవులు మందకొడిగా ఉంటవి. పెరగని దానిపై ఈ మందు దెబ్బ తగలదు. మూడవ కారణం అన్నిటికంటె పెద్దది. గడ్డ ఉన్నదో లేదో, ఉంటే ఎక్కడ, ఎన్ని ఉన్నవో తెలిసికొనే సాధనం వైద్యులకు లేదు. సాధారణ ఎక్స్-కిరణాల చిత్రంలో ఎముక కనిపిస్తుంది గాని మెత్తని మెదడు కనిపించదు. మెదడు కుహరాలలో గాలి నింపి చిత్రం తీసే పద్ధతిని డాండీ 1918లోను, రక్తనాళాలలో మందు ఎక్కించి చిత్రం తీసే పద్ధతిని పోర్చుగల్ వైద్యుడు మోనిజ్ 1927లోను ప్రవేశపెట్టారు. ఇవి గడ్డను చూపవు. గడ్డ నెట్టిన కుహరాలనూ నాళాలనూ చూపుతవి. మెదడులో రెండు మూడు గడ్డలున్నప్పుడు ఒకదానిని తీసి మిగిలినవి తెలియక విడిచిపెట్టే అవకాశముండేది.

ఈ చీకటిని తొలగించినవాడు వైద్యుడు కాడు, ఇంజనీరు. గ్రామఫోను రికార్డులకు పేరుపొందిన ఇ.ఎమ్.ఐ. కంపెనీలో పనిచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్, ఎక్స్-కిరణాలను తలలోని ఒక అడ్డకోత గుండా అనేక దిశలనుండి పంపి, ఎంత కిరణం బయటికి వచ్చినదో కొలిచి, ఆ అంకెలనుండి కంప్యూటరు సహాయంతో లోపలి చిత్రాన్ని కట్టవచ్చునని చూపాడు. 1971 అక్టోబరు 1న లండనులోని ఒక ఆసుపత్రిలో మొదటి రోగి తలను ఆ యంత్రం చిత్రించినది. అదే సి.టి. స్కాన్. ఇందుకు అవసరమైన గణితాన్ని అంతకుముందే స్వతంత్రంగా సాధించిన అలన్ కార్మాక్‌తో కలిసి హౌన్స్‌ఫీల్డ్ 1979లో నోబెల్ బహుమానం పొందాడు.

సిరలోనికి అయొడిన్ కలిసిన మందు ఎక్కించి స్కాన్ తీస్తే, గడ్డ గోడ తెల్లని ఉంగరంవలె, నడిమి చీము నల్లగా కనిపిస్తవి. అయితే ఉంగరం కనిపించినంత మాత్రాన అది చీముగడ్డ అనరాదు. కొన్ని కాన్సర్ కంతులు, క్షయ కంతులు, మెదడులో చేరిన బద్దెపురుగు పిల్లలు కూడ అట్లాగే కనిపిస్తవి. ఎమ్.ఆర్.ఐ. యంత్రం ఈ చిక్కును చాలావరకు విడదీస్తుంది. చిక్కని చీములో నీటి అణువులు స్వేచ్ఛగా కదలలేవు. ఆ కదలికను కొలిచే ఒక ప్రత్యేక చిత్రంలో చీము తెల్లగా మెరుస్తుంది. కాన్సర్ కంతి నడుమ ఉన్న పలుచని ద్రవం సాధారణంగా అట్లా మెరవదు.

నేటి చికిత్స

నేటి చికిత్సకు మూడు అంగాలున్నవి: చీమును తీయడం, సూక్ష్మజీవులను చంపడం, అవి వచ్చిన దారిని మూయడం.

గడ్డ వ్యాసం సుమారు రెండున్నర సెంటీమీటర్లకు మించినా, ఒత్తిడి కలిగిస్తున్నా, కపాలానికి చిన్న రంధ్రం చేసి, స్కాన్ చూపిన కొలతల ప్రకారం సూదిని గడ్డలోనికి పంపి చీమును పీలుస్తారు. దీనివల్ల రెండు ప్రయోజనాలు: ఒత్తిడి వెంటనే తగ్గుతుంది, ఆ చీమును ప్రయోగశాలలో పరీక్షించి ఏ సూక్ష్మజీవికి ఏ మందు తగినదో తెలిసికొనవచ్చును. ప్రాణవాయువు లేకుండ పెరిగే జాతులకై వేరే పాత్రలలో పెంపకం చేయవలసి ఉంటుంది. గడ్డలో గదులు గదులుగా ఉన్నా, లోపల ఎముక ముక్క వంటిది చిక్కుకొన్నా, కొన్ని ఇతర సందర్భాలలోను తిత్తిని మొత్తంగా తీసివేస్తారు. గోడ ఏర్పడకముందే గుర్తించినప్పుడు, లేదా గడ్డలు మరీ చిన్నవైనప్పుడు మందులతోనే నయమయ్యే అవకాశమున్నది.

మందులలో సెఫ్ట్రియాక్సోన్ వంటిది, ప్రాణవాయువు అక్కరలేని జాతులకై మెట్రోనిడజోల్ కలిపి ఇవ్వడం పరిపాటి. గాయం వల్లనో, శస్త్రచికిత్స తరువాతనో వచ్చిన గడ్డలకు వాంకోమైసిన్ వంటివి చేరుస్తారు. ఈ మందులను సిర ద్వారా సాధారణంగా ఆరునుండి ఎనిమిది వారాలపాటు ఇవ్వాలి. జ్వరం తగ్గినదని మధ్యలో మానరాదు. గోడలో దాగిన సూక్ష్మజీవులు మళ్ళీ విజృంభిస్తవి. నడుమ నడుమ స్కాన్ తీసి గడ్డ కరుగుతున్నదో లేదో చూస్తారు. మూర్ఛ రాకుండ మందులు వాడతారు. వాపు ప్రాణాపాయకరంగా ఉంటే కొద్దిరోజులు స్టెరాయిడ్లు ఇస్తారు. చివరగా చెవిలోనో పంటిలోనో ఉన్న మూలాన్ని తొలగిస్తారు. మూలాన్ని వదలివేస్తే గడ్డ మళ్ళీ రావచ్చును.

ఈ మూడు అంగాలు కలిసినందువల్ల కలిగిన ఫలితాన్ని పైన చెప్పిన 2014 నాటి నివేదికయే తెలుపుతున్నది. సుమారు ఐదు దశాబ్దాలలో మరణాలు నూటికి 40 నుండి 10కి తగ్గినవి. పూర్తిగా కోలుకొన్నవారు 33 నుండి 70కి పెరిగినారు. మిగిలినవారిలో కొందరికి మూర్ఛ, అవయవ బలహీనత నిలిచిపోతవి. చికిత్స ఎంత ఆలస్యమైతే ఈ నష్టం అంత ఎక్కువ.

పాఠశాలలో గమనించవలసినది

ఈ వ్యాధికి టీకా లేదు. కాని దీని దారులలో కొన్నింటిని ముందుగా మూసివేయవచ్చును. వాటిలో మొదటిది చెవి. చెవిలో చీము కారే పిల్లలు మన పాఠశాలలలో తక్కువేమీ కాదు. "పెద్దయితే అదే పోతుంది" అని ఇంటివారు ఉపేక్షించడం, కాచిన నూనెనో ఆకుపసరునో చెవిలో పోయడం, పుల్లలతో కెలకడం నేటికీ ఉన్నవి. నూనె వల్ల చెవి తడిగానే ఉండిపోతుంది. కర్ణభేరికి రంధ్రమున్నచోట పోసినది మధ్య చెవిలోనికి దిగుతుంది. చీము కారే చెవిని పొడిగా ఉంచడం, స్నానానికి ముందు దూదితో మూయడం, చెరువులో మునగకుండ చూడడం, వైద్యునిచేత కర్ణభేరిని పరీక్ష చేయించడం సరియైన పద్ధతి. చీము దుర్గంధంగా ఉంటే ఎముక చెడుతున్నదేమోనని వెంటనే చూపించాలి.

చెవి కారే పిల్లలందరికీ మెదడు గడ్డ వస్తుందని భయపడనక్కరలేదు. అది వారిలో బహు కొద్దిమందికి మాత్రమే వస్తుంది. కాని చెవి కారే పిల్లవాడు, లేదా నీలి పెదవుల గుండెజబ్బు పిల్లవాడు, కొన్ని రోజులుగా తగ్గని తలనొప్పితో వాంతులు చేసికొంటున్నా, తరగతిలో మగతగా కూర్చున్నా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా, దానిని బద్ధకమనో అజీర్ణమనో తీసివేయరాదు. అదే రోజున స్కాన్ సౌకర్యమున్న ఆసుపత్రికి పంపించాలి. 1876లో మెకీవెన్‌కు చోటు తెలిసినా అనుమతి దొరకలేదు. నేడు చోటు చూపే యంత్రమున్నది, చీము తీసే సూది ఉన్నది, చంపే మందు ఉన్నది. పిల్లవాడు గోడ గట్టిపడకముందే వాటి దగ్గరకు చేరుతాడా లేదా అనేది మాత్రం, మొదట గమనించినవారిమీద ఆధారపడి ఉన్నది.